జెట్‌స్కీ ఎక్కే ముందు ఒడ్డు మీదే తేల్చుకోవాల్సినవి

నీళ్ల మీద స్కూటర్‌లా కూర్చుని నడిపే జెట్‌స్కీకి బ్రేకు ఉండదు. మా వీధిలో ఎవరైనా "సెలవులకు విశాఖ వెళ్తున్నాం, జెట్‌స్కీ ఎక్కుతాం" అంటే నేను మొదట చెప్పేది ఇదే. కొత్త మోడళ్లు కొన్నిటిలో వేగం తగ్గించే ఏర్పాటు వచ్చింది కానీ, బీచ్‌లో రౌండుకింత అని తిప్పే బళ్లలో అది ఉంటుందనుకుని ఎక్కకూడదు. రెండో సంగతి ఇంకా ముఖ్యం. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే, హ్యాండిల్ ఎంత తిప్పినా బండి తిరగదు. ఈ ఒక్కటి బుర్రకెక్కితే మిగతావి సులువు.

నేను ఒడిశాలోని బరంపురంలో పంపుసెట్లు బాగుచేస్తాను. అస్కా రోడ్డు వైపు చిన్న షాపు. ఇంట్లో తెలుగు, షాపులో ఒడియా. 1936 దాకా మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి మాలాంటి కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. చుట్టరికాలు శ్రీకాకుళం, విశాఖ వైపు. సెలవులొస్తే పిల్లల్ని తీసుకుని అటే రైలెక్కుతాం, నాలుగు గంటలు అటూ ఇటూ. పర్లాకిమిడి, రాయగడ తెలుగువాళ్లదీ ఇదే దారి. అందుకే ఇక్కడ ఎక్కువగా విశాఖ రుషికొండ బీచ్ గురించి చెప్తున్నాను. గోవా వెళ్లేవాళ్లకూ చాలావరకు ఇవే పనికొస్తాయి.

గోపాల్‌పూర్ బీచ్ మా పక్కనే ఉండగా విశాఖ దాకా ఎందుకని మా బావమరిది అడిగాడు. గోపాల్‌పూర్‌లో ఒడ్డు ఏటవాలుగా దిగిపోతుంది, నాలుగడుగులు వేసేసరికి లోతు వచ్చేస్తుంది. అల సరిగ్గా ఒడ్డు మీదే విరిగి పడుతుంది. అలాంటి చోట బండి ఎక్కడమూ కష్టమే, దిగడమూ కష్టమే. అక్కడి నోలియాలు, అంటే తెలుగు మాట్లాడే మన జాలర్లే, పడవ దించే ముందు అలల వరస చూసుకుంటూ ఆగుతారు. పుట్టినప్పట్నుంచీ ఆ నీళ్లలో ఉన్నవాళ్లే ఆగితే, మనం ఇంకెంత ఆగాలి! రుషికొండ సముద్రం కూడా తేలిగ్గా తీసుకునేది కాదు. స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు అక్కడా ఉన్నారు. కానీ 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రత, భద్రత చూసి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చిన బీచ్ అది. స్నానాల చోటు, బోట్ల చోటు వేరువేరుగా ఉంటాయి, లైఫ్‌గార్డులు ఉంటారు. మొదటిసారి ఎక్కేవాళ్లు అలాంటి చోటే ఎంచుకోవాలి. ఊరికి దూరంగా, ఎవరూ లేని ఒడ్డున ఒకే ఒక్క బండి పెట్టుకుని పిలిచేవాళ్ల దగ్గర వద్దు. అక్కడ ఏదైనా జరిగితే మన కోసం వచ్చే రెండో బోటు ఉండదు.

మాకు పెద్ద సెలవులంటే దసరా. అందరూ అప్పుడే బయల్దేరతారు. కానీ బంగాళాఖాతంలో అక్టోబరు అంటే తుఫానుల నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖను కుదిపేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. తుఫాను ఇంకా నడిసముద్రంలో ఉండగానే దాని అలలు ఒడ్డుకు వచ్చేస్తాయి, పైన ఎండ కాస్తున్నా సరే. కాబట్టి ఆకాశాన్ని చూసి నిర్ణయం తీసుకోకండి. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఏ తీరంలో అల ఎన్ని మీటర్లు లేస్తుందో ముందుగా చెప్తుంది, వాళ్ల వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. అల మీటరు దాటేలా ఉంటే మొదటిసారి ఎక్కేవాళ్లను నేను వద్దంటాను. వాతావరణ శాఖ "మత్స్యకారులు వేటకు వెళ్లరాదు" అని చెప్పిన రోజైతే ఇక ఆలోచనే అక్కర్లేదు.

నన్నడిగితే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. సంక్రాంతి సెలవులు అందులోనే వస్తాయి. ఏ నెలలో వెళ్లినా పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నం అయ్యేసరికి నేల వేడెక్కి, సముద్రం మీద నుంచి గాలి ఊపందుకుంటుంది, నీళ్లు గతుకులు పడతాయి. కౌంటర్ తెరిచిన మొదటి గంటలో జనం తక్కువ, గాలి తక్కువ, నడిపే కుర్రాడికి ఓపిక ఎక్కువ. గోవా అనుకుంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా పెట్టుకోకండి, వానాకాలంలో అక్కడ నీటి ఆటలు ఆపేస్తారు.

ఇప్పుడు ఆ హ్యాండిల్ సంగతి. జెట్‌స్కీకి బయట ఫ్యాన్ ఉండదు, పడవకు ఉండే చుక్కానీ ఉండదు. కింద పొట్టభాగంలో ఒక జాలీ, దాని వెనక గొట్టంలో ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం, చివర నాజిల్ అనే సన్నటి మూతి. జాలీలోంచి నీళ్లు పీల్చి, నాజిల్లోంచి వెనక్కి బలంగా చిమ్ముతుంది. ఆ చిమ్మే నీళ్ల బలానికే బండి ముందుకు పోతుంది. అంటే ఇది అచ్చంగా పంపుసెట్టే, నీళ్లను చేలోకి తోడే బదులు సముద్రంలోకే వెనక్కి తోస్తుంది. యమహా వీఎక్స్ రకంలో ఈ పంపును తిప్పేది 1,049 సీసీ ఇంజిన్, మూడు సిలిండర్లు. బలం ఎంత ఉంటుందో దాన్ని బట్టే ఊహించుకోవచ్చు.

మనం హ్యాండిల్ తిప్పితే తిరిగేది వెనక ఉన్న ఆ నాజిలే. నీళ్లు కుడికి చిమ్మితే వెనక భాగం ఎడమకు పోయి, ముక్కు కుడికి తిరుగుతుంది. మోటారు ఆగిపోయాక డెలివరీ పైపును ఏ మడి వైపు తిప్పితే మాత్రం ఏం లాభం, నీళ్లు రావు కదా. ఇక్కడా అంతే. యాక్సిలరేటర్ వదిలితే నీళ్ల ధార పడిపోతుంది, నాజిల్ తిరిగినా తోసే బలం ఉండదు. అప్పటిదాకా ఉన్న వేగంతో బండి నేరుగా జారుకుంటూ పోతుంది. ఫుల్ స్పీడ్‌లో ఉంటే ఆ జారడం 100 మీటర్ల దాకా కూడా ఉండొచ్చు. కొత్త బళ్లలో వదిలేశాక కూడా కొంచెం ధార వచ్చేలా చేస్తున్నారు గానీ, దాన్ని నమ్ముకునే పరిస్థితి తెచ్చుకోకూడదు.

ప్రమాదం ఎక్కడుందంటే మన అలవాటులో ఉంది. రోడ్డు మీద ఏదైనా అడ్డం వస్తే చెయ్యి దానంతటదే యాక్సిలరేటర్ వదిలేస్తుంది. నీళ్ల మీద అదే చేస్తే, ఏది తప్పించాలనుకున్నామో సూటిగా దాని మీదికే వెళ్తాం. ఎదురుగా పడవో, మనిషో, ఇంకో జెట్‌స్కీయో కనిపిస్తే చెయ్యాల్సింది ఇది: హ్యాండిల్ పక్కకు తిప్పాలి, తిప్పుతూనే యాక్సిలరేటర్ కొంచెం నొక్కి ఉంచాలి. పక్కకు వచ్చేశాక, ముందు ఖాళీ ఉందని చూసుకుని అప్పుడు వదలాలి. మా బావమరిదికి ఇది చెప్తే, "బావా, భయమేసినప్పుడు గ్యాస్ ఇవ్వమంటావేంటి?" అన్నాడు. "అవును, ముందు తిప్పు, తిప్పుతూ ఇవ్వు" అన్నాను. ఒడ్డు మీద నిలబడి, చేతులు చాచి, నోటితో అనుకుంటూ అలవాటు చేసుకోమన్నాను: తిప్పు, నొక్కు. మా అమ్మాయి చేత కూడా అలాగే చేయించాను. పక్కన ఎవరైనా చూస్తే చూడనివ్వండి. నీళ్ల మీదికెళ్లాక ఆలోచించే టైమ్ ఉండదు, చేతికి అలవాటై ఉండాలి.

సరే, మీరే నడుపుతారా, వాళ్ల కుర్రాడు నడుపుతాడా అన్నది కౌంటర్ దగ్గరే తేలాలి. మన బీచ్‌లలో ఎక్కువగా వాళ్ల మనిషి కూడా ఎక్కుతాడు. ఒక్కోచోట తను ముందు కూర్చుని మనల్ని వెనక కూర్చోబెట్టుకుంటాడు, ఒక్కోచోట మనకు హ్యాండిల్ ఇచ్చి వెనక కూర్చుని చెయ్యి వేస్తాడు. మొదటిసారైతే మొదటిదే మేలు. అలల దగ్గర అతన్నే నడపనిచ్చి, లోపల నీళ్లు సమంగా ఉన్నచోట కాసేపు హ్యాండిల్ ఇమ్మని అడిగితే చాలామంది ఇస్తారు. కొంచెం మర్యాదగా, "తమ్ముడూ, నాకు కొత్త, నెమ్మదిగా వెళ్దాం" అని ముందే చెప్పండి. కొత్తవాళ్లను కేకలు పెట్టించాలని గిరగిరా తిప్పే కుర్రాళ్లు ఉంటారు. ముందే చెప్తే తిప్పరు.

డబ్బు మాట కూడా ఎక్కకముందే. రేటు మనిషికా, బండికా? నిమిషాల లెక్కా, రౌండు లెక్కా? రౌండయితే ఎక్కడి దాకా వెళ్లి వస్తారో చేత్తో చూపించమనండి. బండి మీద లెక్కపెట్టే నిమిషాలు ఒడ్డు మీద నుంచా, అలలు దాటాకా? వీడియోకి వేరే డబ్బులా? ఇవి అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. నడిపే అతనికి శిక్షణ ఉందా అని కూడా అడగండి. గోవాలో జాతీయ జలక్రీడల సంస్థ ఉంది, కేంద్ర పర్యాటక శాఖ కిందిది. దేశమంతటా బోటు నడిపేవాళ్లకు, ప్రాణరక్షణ సిబ్బందికి శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తుంది. మంచి కౌంటర్లలో ఆ సర్టిఫికెట్ గోడకు తగిలించి ఉంటుంది. సంతకం పెట్టమని కాగితం ఇస్తే చదవండి, ముఖ్యంగా బండికి దెబ్బ తగిలితే ఎవరు కట్టాలన్న వాక్యం. మీరే సొంతంగా నడిపే పద్ధతైతే ఎక్కే ముందు బండి చుట్టూ తిరిగి ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. ఒక ఊళ్లో మా బావమరిది దిగి వచ్చాక, ముందు నుంచీ ఉన్న పగులు చూపించి డబ్బడిగారు. ఫోటో ఉండబట్టి ఊరుకున్నారు.

వెన్ను నొప్పి, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు ఎక్కకూడదు. అల మీద నుంచి బండి కింద పడినప్పుడు దెబ్బంతా నడుముకే వస్తుంది. మందు తాగినవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. వాళ్లను వెనక కూర్చోబెట్టుకోవడం కూడా వద్దు.

బట్టల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ చెప్పరు, సిగ్గుపడి ఊరుకుంటారు. వెనక నాజిల్లోంచి వచ్చే నీళ్ల ధార చాలా బలమైనది. వెనక కూర్చున్న మనిషి వెనక్కి జారి సరిగ్గా ఆ ధార ముందు పడితే, నీళ్లు మలద్వారం నుంచి, ఆడవాళ్లకు యోని నుంచి లోపలికి దూసుకుపోయి పేగులకు, లోపలి భాగాలకు తీవ్రమైన గాయాలు చేస్తాయి. బండి తయారుచేసే కంపెనీలే దీని గురించి స్టిక్కర్ మీద హెచ్చరిస్తాయి, వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే రబ్బరు సూటు) లాంటి మందమైన బట్ట వేసుకోమంటాయి. మన బీచ్ కౌంటర్లలో వెట్‌సూట్ సాధారణంగా దొరకదు. కాబట్టి ఒంటికి పట్టి ఉండే మందపాటి లెగ్గింగ్ మీద జీన్స్ షార్ట్ లాంటిది వేసుకోండి. పల్చటి నైలాన్ నిక్కరు సరిపోదు. బట్ట కన్నా ముఖ్యమైనది పట్టు. వెనక కూర్చున్నవాళ్లు ముందున్న మనిషి నడుమునో, లైఫ్ జాకెట్ పట్టీనో రెండు చేతులతో పట్టుకోవాలి. వెనక్కి తిరిగి కూర్చోకూడదు, సెల్ఫీ కోసం చెయ్యి వదలకూడదు. బయల్దేరే ముందు "పట్టుకున్నారా?" అని అడిగి, "ఆఁ" అన్నాకే యాక్సిలరేటర్ నొక్కమని నడిపే అతనికి చెప్పండి. చాలామంది వెనక్కి పడేది ఆ మొదటి కుదుపుకే.

చీర, చున్నీ, లుంగీ వద్దు. మా ఆవిడ జడను చుట్టి ముడివేసి పిన్నులు పెట్టుకుంది, అదే సరైన పద్ధతి. కింద జాలీ నీళ్లతో పాటు తాడు, జుట్టు, బట్ట ఏది దగ్గరికొచ్చినా లాగేస్తుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బండి కిందికి, వెనక్కి వెళ్లకూడదనేది కూడా ఇందుకే. మంగళసూత్రం గొలుసు, ముక్కుపుడక, ఉంగరాలు ఒడ్డున ఉన్నవాళ్లకు ఇచ్చేయండి. మెడలోది తీయనంటే వేసుకున్న బట్ట లోపలికి వేసి పిన్ను పెట్టుకోవాలి. కళ్లజోడుకు తాడు కట్టుకోండి. ఫోన్ ఎలాగూ ఒడ్డు మీదే.

లైఫ్ జాకెట్ వేసుకున్నాక, భుజాల దగ్గర పట్టుకుని పైకి గట్టిగా లాగమని పక్కవాళ్లకు చెప్పండి. గడ్డం దాటి ముఖం మీదికి వస్తే అది మీ సైజు కాదు, లేదా పట్టీలు వదులు. క్లిప్పులు అన్నీ పెట్టాలి, విరిగిన క్లిప్పు ఉంటే మార్చమనాలి. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ తొడిగి తాడుతో కట్టేసేవాళ్లు ఉంటారు, ఒప్పుకోవద్దు. ఆ పిల్ల నీళ్లలో పడితే జాకెట్ పైన తేలుతుంది, పిల్ల కిందికి జారిపోతుంది. ఇంకో కొలత కూడా ఉంది. పిల్లల పాదాలు బండి మీద కాళ్లు పెట్టుకునే చోటికి ఆనాలి. ఆనకపోతే ఈ ఏడాదికి వద్దని చెప్పి, ఐస్‌క్రీమ్ కొనిపెట్టండి.

ఎర్ర తాడొకటి ఉంటుంది, స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని. ఒక చివర బండికి, రెండో చివర నడిపే మనిషి మణికట్టుకో జాకెట్‌కో ఉండాలి. మనిషి పడితే తాడు ఊడుతుంది, ఇంజిన్ ఆగుతుంది. అది లేకపోతే బండి మనల్ని వదిలేసి వెళ్లిపోతుంది, లేదా ఎవరి మీదికో వెళ్తుంది. ఎవరి చేతిలో హ్యాండిల్ ఉంటే వాళ్ల చేతికే తాడు ఉండాలి. మధ్యలో హ్యాండిల్ మీకిస్తే తాడు కూడా మార్చమనండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పడొద్దు.

బయల్దేరాక మోకాళ్లతో సీటును నొక్కి పట్టి, కొంచెం ముందుకు వంగి కూర్చోండి. పెద్ద అల వస్తుంటే మోకాళ్లు వంచి సీటు మీద నుంచి కాస్త లేవండి, కుదుపు కాళ్లు తీసుకుంటాయి, నడుము బతుకుతుంది. అలకు పక్క చూపించకుండా, కొంచెం ఏటవాలుగా ఎదురెళ్లాలి. నడుం లోతు లేని నీళ్లలో గ్యాస్ ఇవ్వకూడదు. ఇసుక, గులకరాళ్లు జాలీలోంచి లోపలికి పోయి ఇంపెల్లర్‌ను కొరికేస్తాయి. ఇది నేను రోజూ పంపుల్లో చూసే రోగమే. వలకు కట్టే, నీళ్ల మీద తేలే బుడ్లు, థర్మకోల్ ముక్కలు వరసగా కనిపిస్తే అక్కడ వల ఉన్నట్టు, దూరంగా తిరగాలి. వల చుట్టుకుంటే మన బండి ఆగిపోతుంది, దానికన్నా ముందు ఒక జాలరి కుటుంబం పెట్టుబడి తెగిపోతుంది. మా గంజాంలో రుషికుల్యా నది ముఖద్వారం వైపు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలకొద్దీ గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఊపిరి కోసం అవి పైకి తేలుతుంటాయి. అటు ఎవరు ఎంత తక్కువ రేటుకు తిప్పుతామన్నా వెళ్లకండి. చిలికలో సాతపడా దగ్గర ఇరావతి డాల్ఫిన్ల వైపు కూడా అంతే.

నీళ్లలో పడితే కంగారు పడొద్దు, జాకెట్ తేల్చేస్తుంది. నోరు మూసుకుని, చేతులు బండికి దూరంగా పెట్టి పడాలి. ఇంజిన్ ఆగిందని చూసుకున్నాకే వెనక వైపు నుంచి, మెట్టు పట్టుకుని ఎక్కాలి. పక్క నుంచి ఎక్కబోతే బండి మన మీదికే ఒరుగుతుంది. ఒకరు ఎక్కి కూర్చున్నాకే రెండోవాళ్లు. బండి తిరగబడితే వెనక భాగంలో బాణం గుర్తు స్టిక్కర్ ఉంటుంది, అది చూపించిన వైపే తిప్పాలి. రెండో వైపు తిప్పితే లోపలున్న నీళ్లు ఇంజిన్‌లోకి చేరతాయి. సిలిండర్‌లో నీళ్లుండగా స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇక ఆ బండి అక్కడే. ఎక్కలేకపోతున్నారంటే ఈదుకుంటూ ఒడ్డుకు బయల్దేరకండి. బండిని పట్టుకుని చెయ్యి ఊపండి. ఒంటరి తలకాయ కన్నా బండి దూరం నుంచి బాగా కనిపిస్తుంది.

దిగాక చేతులు వణుకుతాయి, అది మామూలే. పట్టు బిగించడం వల్ల ముంజేతులు మర్నాడు నొప్పి కూడా పెడతాయి. మంచినీళ్లతో కళ్లు, చెవులు కడుక్కుని, ఉప్పు నిమ్మకాయ నీళ్లు తాగి నీడలో కూర్చోండి. ఇంకో రౌండుకు తగ్గిస్తామని కుర్రాళ్లు వెంటనే అడుగుతారు. ఆ ఉత్సాహంలోనే ఎక్కేయకుండా అరగంట ఆగండి. వెళ్లాలనే అనిపిస్తే ఈసారి హ్యాండిల్ మీరు తీసుకోండి, తాడు మీ చేతికి కట్టించుకున్నాక. తాడు లేదనో, తెగిందనో, "ఏం కాదు సార్" అనో అంటే డబ్బు వెనక్కి అడిగి పక్క కౌంటర్‌కు నడవండి.